ఉల్లికోడు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఉల్లికోడు ఆశించిన లక్షణములు గమనించిన వెంటనే తగు సస్యరక్షణ చర్యలు చేపట్టవలెను.

అవతారిక: ఈ మహావాక్యం కొత్తపట్నంలో ఒక పురుగుమందుల కొట్టు గోడ మీద వెలసింది. కర్త పేరు లేదు గనుక అపౌరుషేయమనే అనుకోవాలి. పురుగు పేరు మార్చి మిరపకూ పత్తికీ కూడా దీన్నే వినియోగించడం సంప్రదాయం. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం.

టీక: ‘చర్యలు’, ‘చేపట్టవలెను’ సుబోధకాలు, వదిలేశాం. ‘తగు’ దగ్గర కర్త మౌనం వహించాడు, మౌనానికి వ్యాఖ్య లేదు. ‘లక్షణములు’ అన్నదే కఠిన ఘట్టం. ఉల్లికోడు అంటే దోమంత ఈగ, వరి మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ఆకు తొడుగుల సందున దిగి మొవ్వు చేరుతుంది. దాని ప్రభావానికి లోబడి ఆకు తొడుగు గొట్టంలా సాగి, ఉల్లికాడలా బయటికొస్తుంది. ఆ పిలకకు ఇక కంకి లేదు.

విశేషం: మొక్క చేతే గూడు కట్టించుకునే ఈ విద్య వరికే పరిమితం కాదు. కానుగాకు మీద లేచే బుడిపెలు చూడండి. వాటిని కట్టించినది కంటికి ఆనని నల్లి, సాలెపురుగుల వంశంలో పుట్టి కూడా నాలుగే కాళ్ళున్న జీవి. ఇలా పురుగూ నల్లీ లేపిన బుడిపెల్లో ఆకు కణాలు తమ పాత కొలువు మరిచిపోతాయి. ఎండ పట్టేందుకు బారులు తీరినవీ, వాటి కింద వదులుగా ఉన్నవీ తేడా లేకుండా కలిసిపోతాయి. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని చీలి చీలి గుంపు కడతాయి. పురుగును ఆనుకున్నవి పలచటి గోడలతో, పెద్ద కేంద్రకాలతో, చక్కెరా మాంసకృత్తులూ నింపుకుని దానికి వంటిల్లవుతాయి. బయటి పొరల్లో వగరు చేరుతుంది. ఇటలీ వైద్యుడు మాల్పీగి 1679లోనే ఈ బుడిపెల మీద విపులంగా రాశాడు. మన ఎం.ఎస్. మణి 1964లో ఏకంగా ఒక గ్రంథమే వెలువరించాడు.

వగరు అన్నాం గనుక కరక చెట్టును తలవక తప్పదు. దాని లేతాకు మీద పురుగు లేపిన బోలు బుడిపెలను తెలుగువాళ్ళు అల్దికాయలు అనేవారని, అద్దకంవారు వాటితో పసుపు రంగూ, వాటికి ఇనుప బురద కలిపి నలుపూ తీసేవారని రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో రాసుకున్నాడు. పచారీ కొట్టు మాచికాయ కూడా ఇలాంటిదే, సింధూర జాతి చెట్టు మీద ఒక కందిరీగ కట్టించిన బుడిపె. ఆ వగరులో అన్నభేది కలిపితే నల్లటి సిరా. ఐరోపాలో శతాబ్దాల పాటు దస్తావేజులు రాసింది ఆ సిరాతోనే. ఆజ్ఞలు జారీ చేసే జాతి మొత్తం పురుగుకు రుణపడి ఉంది. మన గోడపత్రం కర్త ఆ రుణం ఇంకా తీర్చుకోలేదు.

పూర్వపక్షం: ‘వెంటనే’ అన్నాడుగా, ఇంకేం కావాలి?

సమాధానం: ఉల్లికాడ కంటబడేసరికి లోపల పురుగు తిండి ముగిసింది. కొసన రంధ్రం ఉంటే ఈగ ఎగిరిపోయింది కూడా. అప్పుడు కొట్టిన మందు ఆ పిలకను బతికించదు, కొట్టులో ఖాతాను పెంచుతుంది. మిరపలోనూ అంతే. పై ముడత తామర పురుగుది, కింది ముడత నల్లిది. గోడ మీద రెండూ ‘ముడత’. 2021లో నల్ల తామర పురుగు పూతను ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు మందు మీద మందు కొట్టి అప్పుల పాలయ్యారు. ఇందులో నవ్వడానికేమీ లేదు.

తాత్పర్యం: ఉల్లికోడుతో పోరు విత్తనం కొనేనాడే మొదలవుతుంది. సురేఖ, ఫల్గుణ, కావ్య వంటి తట్టుకునే రకాలు వచ్చాయి. పురుగు కూడా కొత్త తెగలతో వస్తోంది గనుక, ఏ ఊళ్ళో ఏ రకం నిలుస్తోందో అడిగి వేయాలి. నాటు ఆలస్యమైతే ముప్పు పెరుగుతుంది. కనుక గోడపత్రకర్తలారా, ‘తగు’ కొట్టేసి రకం పేరు రాయండి. ‘వెంటనే’ కొట్టేసి నాట్లెప్పుడు వేయాలో రాయండి.