ఒక గాలిపంపు ఆత్మకథ

నా శరీరము ఉక్కుగొట్టము. నా హస్తము కొయ్యపిడి. నా పాదములు అడుగున ఇరువైపులకు చాచిన రెండు ఇనుపరెక్కలు. గొట్టము లోపల సంచరించు కడ్డీచివర గిన్నెవలె మలచిన తోలువాషరు ఒకటి కలదు. దానిని నా హృదయమని చెప్పినను అతిశయోక్తి కానేరదు. పిడిని పైకి లాగినప్పుడు ఆ తోలు ముడుచుకొని, తన అంచుల ప్రక్కనుండి గాలిని లోనికి రానిచ్చును. క్రిందికి నొక్కినప్పుడు విప్పారి, గొట్టపు గోడలను గట్టిగా అంటుకొని, ఆ గాలినంతయు సైకిలు ట్యూబులోనికి తఱుమును. నాలో గాలిని నిలువ చేసికొను అఱ ఏదియు లేదు. గ్రహించినదానిని మఱుక్షణముననే సమర్పించుట తప్ప వేఱొక విద్య నేనెఱుగను. ఈ స్వభావముచేతనే నా జీవితము చరితార్థమైనదని నేను విశ్వసించుచున్నాను. ఆ విశ్వాసమునకు గల హేతువులను విన్నవించుటయే ఈ కథకు ప్రయోజనము.

సైకిళ్ల పరిశ్రమకు పేరుపొందిన లూధియానాలో జన్మించి, రైలుబండిలో దక్షిణమునకు వచ్చి, పశ్చిమగోదావరి జిల్లా భీమవరమున ఒక చిన్న సైకిలుషాపు చేరితిని. ఆ షాపు యజమాని చక్రమునకు బెండు తీయుటయందును, పంక్చరు వేయుటయందును చేయితిరిగినవారు. తెల్లవారకమునుపే పాలక్యానులు కట్టుకొని వచ్చువారును, చేపలతట్టలు మోసికొని పోవువారును, సంచి భుజమున వ్రేలాడుచుండగా వచ్చు తపాలాబంట్రోతులును, కాలేజీకి వేళ మించిపోవుచున్నదని తొందరపడు విద్యార్థులును నా ముందు సైకిలు నిలిపెడివారు. గాలి కొట్టిన తరువాత యజమాని బొటనవ్రేలితో టైరును అదిమి చూచి, తృప్తి కలిగిననే గాని సైకిలును వదలెడివారు కారు. బడిపిల్లలవద్ద డబ్బు పుచ్చుకొనుట ఆయనకు అలవాటు లేదు. తోలు ఎండిపోయినచో గాలి పట్టదు గనుక, అప్పుడప్పుడు నన్ను విప్పి, వాషరునకు ఆముదము పట్టించి, మరల బిగించెడివారు. ఆ ఆముదపు వాసనయే నా బాల్యస్మృతి.

ఆయన ఏకైక పుత్రిక వివాహమైన పిమ్మట అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమున స్థిరపడినది. ఒకనాడు ఆమె ఫోనులో చెప్పిన మాట విని యజమాని షాపు అరుగుమీద చాలసేపు కూర్చుండిపోయిరి. ఆమె కూతురికి తీవ్రమైన రక్తక్యాన్సరు సోకినదని వైద్యులు నిర్ణయించిరట. ఎముకల మజ్జలో క్రమముగా పరిణతి నొందవలసిన తెల్లకణములు, పరిణతి లేకయే అపరిమితముగా పెరిగి, మంచి కణములకు చోటు లేకుండ చేయు వ్యాధి యది. పిల్లలకు వచ్చు క్యాన్సరులలో దానిదే అగ్రస్థానము. యజమాని షాపు మూసివేసి ప్రయాణమునకు సిద్ధపడిరి. పెట్టె సర్దుచు, నన్ను ముక్కలుగా విప్పి పంచెలో చుట్టుచుండగా, కుమార్తె ఫోనులో అడిగినది: “ఆ పంపు ఎందుకు నాన్నా? ఇక్కడ అన్నీ దొరుకుతాయి కదా.” ఆయన మెల్లగా ఇట్లనిరి: “దొరుకుతాయమ్మా. కానీ ఇది నా చెయ్యి ఎరిగింది. అక్కడ ఊరికే కూర్చోలేను తల్లీ.”

కుమార్తె ఇంట గడచిన కాలమును గూర్చి విస్తరించి చెప్పను. చికిత్స రెండేండ్లకు పైబడిన దీర్ఘవ్రతము. పాప శిరోజములు రాలిపోవుటయు, అన్నమునకు ముఖము త్రిప్పుకొనుటయు, సూది అనగానే తాతగారి వ్రేలు పట్టుకొనుటయు నేను ఇంటిమూలనుండి చూచితిని. చివరిదశలో వారమున కొకరాత్రి ఆమె చిన్న పసుపుపచ్చని మాత్రలు మ్రింగవలసియుండెను. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. ఒకరాత్రి కుమార్తె ఆ మందు చరిత్ర చదివి, ఆశ్చర్యముతో తండ్రివద్దకు వచ్చి చెప్పినది: “నాన్నా, ఇది చేసినవాళ్ల పెద్ద మన భీమవరంలో పుట్టినాయనేనట. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.”

ఆ పేరు యజమాని బడిలో విన్నదే. ఆ పేరునకును తన మనుమరాలి మాత్రకును గల సంబంధము మాత్రము ఆ రాత్రియే తెలిసెను. 1895లో భీమవరమున జన్మించిన సుబ్బారావు తరువాత బోస్టనునగరము చేరి, జీవనార్థమై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని చేయుచు, పగలు హార్వర్డులో శాస్త్రాధ్యయనము సాగించెను. సోదరుని సంగ్రహణివ్యాధి బలిగొనిన దుఃఖము ఆయనను ఆజీవితము వెన్నంటినది. 1940లో లెడర్లే ప్రయోగశాలల కేగి, తన బృందముతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మింపజేసెను. రక్తకణములు వృద్ధి నొందుటకు ఆ ఆమ్లము అవసరము. దానిని పోలియు దాని పని చేయజాలని పదార్థములను తరువాత ఆ బృందమే సృజించినది. మరలు సరిపోని నట్టు బోల్టునకు పట్టుకొని ముందుకును పోక, వెనుకకును రాక, అసలు నట్టునకు చోటు లేకుండ చేయునట్లు, ఈ పదార్థము కణములోని ఎంజైమును పట్టుకొని కదలనీయదు. క్యాన్సరుకణము తన సంతతిని పెంచుకొనలేక నశించును. 1947 చివరను బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ అట్టి పదార్థమైన అమినోప్టెరిన్‌ను రోగగ్రస్తులైన పిల్లల కిచ్చి చూచెను. 1948 జూనులో ప్రకటింపబడిన ఆయన పత్రమున 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడినట్లు కలదు. ఆ ఉపశమనము తాత్కాలికమే. అయినను, అంతవరకు మృత్యువు తప్ప వేఱు గతి లేని వ్యాధి ఔషధమునకు లొంగుట అదియే ప్రథమము. ఆ పత్రరచయితల వరుసలో సుబ్బారావు పేరు లేదు. ఆ యేడు ఆగస్టులోనే ఆయన కన్నుమూసెను. నేడు సంపన్నదేశములలో ఈ వ్యాధి సోకిన పిల్లలు పదిమందిలో సుమారు తొమ్మండుగురు బ్రతుకుచున్నారు. మా పాప ఆ తొమ్మండుగురిలో చేరినది.

ఫార్బర్ స్థాపించిన పరిశోధనసంస్థ నేడు డేనా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అను పేర వెలయుచున్నది. దానికి ప్రజల విరాళములను కూర్చు జిమ్మీ ఫండ్ 1948లో ఒక బాలరోగి స్వరము రేడియోలో వినిపించినప్పుడు ప్రజాహృదయమున నాటుకొనినది. ఆ సంస్థకొఱకే ప్రతివత్సరము ఆగస్టు మొదటివారాంతమున పాన్-మాస్ ఛాలెంజ్ అను సైకిలుయాత్ర జరుగును. 1974లో తల్లిని క్యాన్సరువలన కోల్పోయిన బిల్లీ స్టార్ అను యువకుడు, 1980లో 36 మంది యాత్రికులతో స్ప్రింగ్‌ఫీల్డు నుండి సముద్రతీరమందలి ప్రావిన్స్‌టౌను వరకు సైకిళ్లమీద సాగి, 10,200 డాలర్లు సమకూర్చెను. నేటి యాత్రికుల సంఖ్య 6,000కు పైబడినది. ఇంతవరకు కూడిన ధనము నూరుకోట్ల డాలర్లను దాటినది. యాత్రికులు తమ బంధుమిత్రులవద్ద అర్థించి తెచ్చిన ప్రతి డాలరును సంపూర్ణముగా వైద్యపరిశోధనకే చేరును. ఈ నియమమును విన్నప్పుడు నాకు కలిగిన ఆనందము చెప్పనలవి కాదు. పుచ్చుకొనిన దంతయు నిలుపుకొనక అందించు ధర్మము నా గొట్టములోనిదే గదా!

పాప కొంత కోలుకొనిన పిమ్మట ఆ కుటుంబము యాత్రలో స్వచ్ఛందసేవకు పేరు వ్రాయించుకొనినది. నేడు స్టర్‌బ్రిడ్జి నుండి ప్రావిన్స్‌టౌను వరకు సాగు త్రోవ సుమారు 300 కిలోమీటర్లు. నడుమ నడుమ చలివేంద్రములు వెలయును. వానికి ఊతమై మూడువేలమందికి పైగా సేవకులు నిలుతురు. యాత్రికులు రాకమునుపే, ఇంకను చీకటి వీడని వేళ, డేరాలు ఎత్తువారును, మంచుగడ్డలు మోయువారును, అరటిపండ్లును నారింజతొనలును పళ్లెములలో అమర్చువారును, బెణికిన కాళ్లకు కట్టు కట్టువారును, గంటలు మ్రోగించి ఉత్సాహపఱచువారును, తుదకు చెత్తసంచులు ఎత్తువారును తమ తమ స్థానములు చేరుకొందురు. సైకిళ్లు బాగుచేయు డేరా ప్రక్కన మా యజమాని నన్ను నిలిపిరి. ఆ దేశపు సైకిళ్ల వాల్వులు రెండు విధములు: కారుటైరుల కుండునట్టి ష్రేడర్ ఒకటి, కొనయందు చిన్న మఱను వదులు చేసి గాలి కొట్టవలసిన సన్నని ప్రెస్టా మఱియొకటి. భీమవరమున రబ్బరుతొడుగు వాల్వులకు అలవాటుపడిన నాకు అల్లుడు క్రొత్త గొట్టమును, కొలత చూపు మీటరును అమర్చెను. అచటి సన్నటైరులు చదరపు అంగుళమునకు 80 పౌనులు దాటిన ఒత్తిడి కోరును. నా లావుపాటి గొట్టముతో అంత ఒత్తిడి తెచ్చుట శ్రమతో కూడిన పని. నొక్కినకొలది నా అడుగుభాగము వేడెక్కును. యజమాని తమ దేహభారమునంతయు పిడిపై మోపి, తొందరపడక, లయ తప్పక కొట్టెడివారు. మీటరు సరియైన అంకె చూపినను, అలవాటుకొలది బొటనవ్రేలితో టైరును అదిమి చూచిన పిమ్మటనే, “ఆయ్, ఇక వెళ్లిరండి” అనెడివారు. ఆ మాట యాత్రికులకు తెలియకపోయినను అందలి ఆశీస్సు తెలిసెడిది. ప్రతివారును చిరునవ్వుతో తలవంచి సాగెడివారు.

ఒక మధ్యాహ్నము ఒక వృద్ధురాలు సైకిలు నడిపించుకొని వచ్చినది. వెనుకచక్రము పూర్తిగా చదునైయుండెను. ఆమె చొక్కా వీపున ఒక యువకుని చిత్రము కుట్టబడియుండెను. యజమాని ట్యూబును బయటికి తీసి, టైరు లోపలివైపు వ్రేళ్లతో నిదానముగా తడిమి, గ్రుచ్చుకొనిన గాజుపెంకును వెదకి తీసిరి. దానిని తీయకున్న క్రొత్త ట్యూబు సయితము మఱియొక మైలులో చిల్లు పడును. ఆ చిత్రము తన కుమారునిదనియు, ఆతడు లేడనియు ఆమె చెప్పినది. యజమానికి ఆంగ్లభాష అంతగా రాదు. ఆయన పని ఆపి, చేతులు తుడుచుకొని, ఆ చిత్రమునకు నమస్కరించిరి. పిమ్మట నన్ను అందుకొని గాలి కొట్టిరి. నేను ఆ చక్రమునకు ఇచ్చిన గాలి ఒక తల్లి శోకమును మోయవలసియున్నదని తెలిసి, నా వాషరు ఆనాడు ఒక్క నూలువాసి గాలిని కూడ జారనీయలేదు.

డేనా-ఫార్బరులో చికిత్స పొందు పిల్లలను యాత్రికబృందములతో జతపఱచి, వారిని పెడల్ పార్ట్‌నర్లని పిలుతురు. మా పాపకు కూడ ఒక బృందము జతయైనది. ఆ బృందమువారు ఆమె పేరు తలచుకొని ఎత్తులెక్కిరి. వ్యాధిని జయించి స్వయముగా త్రొక్కువారును యాత్రలో పెక్కుమంది కలరు. వారిని లివింగ్ ప్రూఫ్ అని గౌరవింతురు. అట్టివారిలో ఒకడు పాపను చూచి, తానును చిన్ననాడు అవే పసుపుమాత్రలు మ్రింగితినని చెప్పెను. అంతవరకు తల్లికొంగు వదలని పాప ముందుకు వచ్చి, రెండుచేతులతో నా పిడి పట్టుకొని, “తాతయ్యా, ఈయన సైకిలుకి నేను కొడతాను” అన్నది. తాతగారు తమ చేతులను ఆమె చేతులపై వేసిరి. ఆ బలము కొంచెమైనను ఆ చక్రము దానిని కాదనలేదు.

ఇన్ని చూచిన పిమ్మట నాకు స్థిరపడిన అభిప్రాయమొకటి కలదు. రోగముతో మానవజాతి చేయు యుద్ధమున ముందు పరుగెత్తువారు లోకమునకు కనబడుదురు; ప్రశంసయు వారికి న్యాయమే. కాని వారి చక్రములలోని గాలి త్రోవప్రక్కన నిలిచినవారిది. రాత్రివేళ ఆసుపత్రిపాత్రలు కడిగిన చేతులే తరువాత మృత్యువు దారి నడ్డగించిన ఔషధమునకు దారితీసినవి. ఆ చేతుల యజమాని పేరు నేడు ఆ మాత్ర మ్రింగు పిల్లలలో అనేకులకు తెలియదు, అయినను మాత్ర పనిచేయుట మానలేదు. అట్లే మంచు మోసినవాని పేరు, టైరులోని గాజుపెంకు ఏరినవాని పేరు ఎవ్వరును వ్రాసిపెట్టరు. యాత్ర గమ్యము చేరుటలో వారి పాలు అందువలన తగ్గదు.

నా మాట వినువారలారా! మీ ఊరి క్యాన్సరు ఆసుపత్రులలోను చికిత్సకై దూరగ్రామములనుండి వచ్చిన తల్లిదండ్రులు వరండాలలో పడియుందురు. రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు మాటిమాటికి రక్తమును, ప్లేట్‌లెట్లును కావలసియుండును. సైకిలు త్రొక్కగల బలము అందఱికిని ఉండనవసరము లేదు. ఆరోగ్యవంతులు రక్తమీయవచ్చును, ఆ తల్లిదండ్రులకు అన్నము తీసికొనిపోవచ్చును, అక్షరము రానివారికి కాగితములు చదివి చెప్పవచ్చును, ఏ గదికి పోవలెనో తెలియక తిరుగువారికి త్రోవ చూపవచ్చును. మీ చేతికి ఏ పని అలవాటో ఆ పనియే తీసికొని వెళ్లుడు. మా యజమాని భీమవరమునుండి కొనిపోయిన ధనము అదియొక్కటియే. మనము గాలి నింపిన చక్రము ఎంతదూరము పోవునో, ఎవరిని ఎక్కడ దింపునో మనకు తెలియనక్కఱలేదు. గాలి సరిపోయినదో లేదో వ్రేలితో అదిమి చూచి, నిస్సందేహముగా సాగనంపుటయే త్రోవప్రక్కన నిలిచినవారి ధర్మము. ఆ ధర్మమును నమ్మకముగా చేయువారు ఉన్నంతకాలము ఈ యాత్ర ముందుకే సాగును.