గోడెక్కిన ఇల్లరికపుటల్లుడు

స్మార్ట్ మీటరు పెట్టించుకుంటే లాభం పెట్టించుకున్నవాడికేనట. కరెంటు ఎంత కాలుతోందో ఎప్పటికప్పుడు సెల్‌ఫోన్లో చూసుకోవచ్చట, చూసుకుంటే జాగ్రత్త వస్తుందట, జాగ్రత్త వస్తే బిల్లు తగ్గుతుందట. పేపర్లో మీరూ చదివే ఉంటారు. ఈ పాట కొత్తది కాదు గానీ, ఈ వారం పాడిన తీరు చూస్తే మన ఖర్చు తగ్గించాలని విద్యుత్ శాఖవారికి నిద్రపట్టడం లేదనిపించింది. ఇంత ఆపేక్ష బయటివాళ్లకు ఉండదు, చుట్టరికం ఉంటే తప్ప. ఏం చుట్టరికమా అని ఆలోచిస్తే నాకు ఒక్కటే తోచింది. ఈ మీటరు మనకు అల్లుడు. అందులోనూ ఇల్లరికం.

సంబంధం ఖాయం చేసింది ఢిల్లీలో. 2021లో పంపిణీ రంగాన్ని బాగుచేసే పథకం ఒకటి పెట్టి, దేశమంతటా పాతిక కోట్లమంది ప్రీపెయిడ్ అల్లుళ్లను దింపాలని ముహూర్తం పెట్టారు. ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో తాంబూలాలు పుచ్చుకున్నవాళ్లు ఇప్పుడు ఈ పెళ్లి అన్యాయం అంటున్నారు. అప్పట్లో పాదయాత్రలో ఈ మీటర్లు పగలగొట్టండి అని పిలుపిచ్చినవాళ్లు ఇప్పుడు పందిట్లో నిలబడి పన్నీరు చల్లుతున్నారు. మీకు తెలిసిన కథే, పేర్లెందుకు. జనం గొడవ చేస్తే, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే పెడతాం అని మధ్యలో ఓ మాట కూడా అన్నారు. ఈ ఆదా పాట అక్కడినుంచే జోరందుకుంది. పిల్లనివ్వమని బలవంతం చేయడం కుదరనప్పుడు కుర్రాడి గుణగణాలు వర్ణించాలి కదా.

కొట్లవాళ్లకు ఆ వర్ణన కూడా దక్కలేదు. మా వీధి కిరాణా కొట్టాయన ఉల్లిపాయలు తూస్తుండగా ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెనా డ్రిల్లింగు మిషనూ పట్టుకొచ్చి, "మీటరు మార్చాలండీ, పైనుంచి ఆర్డరు" అన్నారు. ఆయన చేతులు దులుపుకుని బయటికొచ్చేసరికి పాత మీటరు గోనెసంచిలో ఉంది, కొత్తది గోడమీద ఎర్రలైటు మిటకరిస్తోంది. పెళ్లిచూపులూ జాతకాలూ ఏమీ లేవు, ఏకంగా గృహప్రవేశం.

అల్లుడి దినచర్య చెబుతాను వినండి. ఉలకడు, పలకడు. గోడమీద కూర్చుని, మన ఇంట్లో ఏ అరగంటలో ఎంత కాలిందో వాళ్లింటికి కబురు పెడుతుంటాడు. అత్తగారు తెల్లవారుజామున మోటారు వేస్తే కబురు, మామగారు గీజరు ఆపడం మరిచిపోతే కబురు. అయితే కాలింది మోటారా, గీజరా అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. ఆయనకు మొత్తమే తెలుసు, ఎవరు తిన్నారో తెలీదు. ఆ మొత్తాన్ని ఫోన్లో చూసి మనం మారాలి. చూశాం. ఒక ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ. ఇందులో దేన్ని మార్చమంటారు? ఫ్రిజ్జు ఆపితే పాలు విరుగుతాయి, ఫ్యాను ఆపితే పిల్లలు లేస్తారు.

అక్కడే ఆయన పుట్టింటివారు ఇంకో సలహా పంపారు. 2023లో వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం సవరించింది. వాటి ప్రకారం స్మార్ట్ మీటరు ఉన్న ఇంట్లో ఎండ కాసే వేళ కరెంటు కనీసం 20 శాతం చవక, గిరాకీ వేళ కనీసం 10 శాతం ప్రియం. అంటే మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాడుకుంటే ఆదా అన్నమాట. సాయంత్రం పనినుంచి వచ్చి, లైటు వేసుకుని, అన్నం వండుకుని, పిల్లాణ్ణి చదివించుకుంటే దండుగ. కాబట్టి రాత్రి తిప్పాల్సిన ఫ్యానును మధ్యాహ్నమే తిప్పేసి ఆ గాలిని జాడీల్లో పట్టి మూత బిగించుకోండి. పక్కింటివారు ఒక కూజాడు గాలి అప్పు అడిగితే ఇవ్వకండి, వాళ్ల అల్లుడు వాళ్లకున్నాడు.

సంక్రాంతికి ఆడపిల్లలు, మనవలు దిగారనుకోండి. ఏసీ, మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ ఒక్కసారి ఆన్. అల్లుడు నొసలు చిట్లించి రాసుకుంటాడు. ఏడాదిలో మూడుసార్లు మీ లోడు పరిమితి దాటితే దాన్ని పెంచి లెక్కగట్టొచ్చని అదే నిబంధనల్లో ఉంది. పెద్ద మనసుతో రెండు తప్పులు కాచారు. సంక్రాంతి, దసరా. వేసవి సెలవులతో చెల్లుకు చెల్లు.

ఇక అలక. వెనకటి అల్లుళ్లు అలిగితే అలకపాన్పు ఎక్కి సైకిలో, చేతి గడియారమో అడిగేవాళ్లు. ఈయన ప్రీపెయిడ్ అయితే అడిగేది రీచార్జి. బాలెన్సు అయిపోతే అలుగుతాడు, ఇల్లంతా చీకటి చేస్తాడు. నెల పొడుగునా వాడుకున్నాక బిల్లు రావడం, గడువులోపల సర్దుబాటు చేసుకుని కట్టడం, జీతం ఆలస్యమైతే లైన్‌మన్‌ను "రెండ్రోజులాగు బాబూ" అని బతిమాలడం ఉండేవి. అల్లుణ్ణి బతిమాలడానికి ఆయనకు చెవులు లేవు. నెలకోసారి వచ్చి, నడుముకు కట్టుకున్న మిషన్లోంచి చీటీ చింపి ఇచ్చి, మంచినీళ్లు తాగిపోయే రీడింగు కుర్రాడితోనూ ఇక పనిలేదు. ఆ కుర్రాడి ఇంట్లో ఎంత ఆదా అవుతుందో ఏ యాప్‌లోనూ రాదు.

అల్లుడన్నాక కట్నం ఉండాలి. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకోండి. మన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు రూపాయి తొంభై పైసల చొప్పున 57 రూపాయలు, తర్వాతి 45కి మూడేసి రూపాయల చొప్పున 135, ఆపై 50కి నాలుగున్నర చొప్పున 225, మిగిలిన 25కి ఆరేసి చొప్పున 150. వెరసి 567. బ్రిటన్‌లో ఇంటింటికీ ఈ మీటర్లు పెడుతూ అక్కడి ప్రభుత్వం వేసుకున్న అంచనా ప్రకారం కరెంటు ఆదా మూడు శాతం దగ్గర. అది కూడా వాడకం కళ్లెదుట కనబడేలా ఇంట్లో పెట్టుకునే చిన్న తెర ఉచితంగా ఇచ్చి. ఆ మూడు శాతమే మనకూ వచ్చిందనుకుందాం. నెలకు నాలుగున్నర యూనిట్లు, పై శ్లాబులో ఆరేసి చొప్పున 27 రూపాయలు. మరి మీటరుకు? ఢిల్లీ ఇచ్చేది మనలాంటి రాష్ట్రాలకు 900 రూపాయలు లేదా ఖర్చులో 15 శాతం, ఏది తక్కువైతే అది. 900 అనేది 15 శాతం కావాలంటే ఖర్చు 6,000 ఉండాలి. మిగతా 5,100 కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం, భరించాలి. డిస్కంకు ఆ డబ్బు ఎక్కడిది? ఇస్తినమ్మా వాయనం, పుచ్చుకుంటినమ్మా వాయనం. నెలకు 27 చొప్పున ఆ 5,100 తిరిగి రావడానికి దాదాపు పదహారేళ్లు పడుతుంది. మీటర్లు పెట్టే కంపెనీలతో ఒప్పందాలేమో పదేళ్లకు. కట్నం పూర్తిగా రాబట్టుకునేలోపే మొదటి అల్లుడు దిగిపోయి రెండోవాడికి గోడ వెతుక్కోవాలి.

జర్మనీవాళ్లు పిసినారులో, తెలివైనవాళ్లో గానీ, 2013లో ఈ సంబంధం మీద ఆరా తీయించుకున్నారు. మామూలు ఇళ్లకు ఇది గిట్టుబాటు కాదని తేలింది. ఆ తర్వాత 2016లో చట్టం చేసినప్పుడు మామూలు ఇళ్లలో ఏడాదికి 6,000 యూనిట్లు దాటినవాటికే తప్పనిసరి చేశారు. నెలకు 500 యూనిట్లన్నమాట. మన దగ్గర ఆ లెక్కన పిల్లనివ్వాల్సిన ఇళ్లెన్నో మీరే వీధిలో తిరిగి చూసుకోండి.

సరే, ఎకసెక్కాలు చాలు. ఈ మీటర్ల పథకం లక్ష్యాల్లో అంకెలేసి చెప్పినవి రెండే: సరఫరాలోనూ వసూళ్లలోనూ పోయే నష్టాన్ని 12 నుంచి 15 శాతానికి దించడం, యూనిట్‌కయ్యే ఖర్చుకూ వచ్చే రాబడికీ మధ్య తేడాను సున్నా చేయడం. రెండూ డిస్కంల అవసరాలే. తప్పేం లేదు, దొంగ కరెంటు ఆగాలి, వసూళ్లు సరిగ్గా జరగాలి. ఆ మాటే చెప్పండి. మా నష్టాలు తగ్గించుకోవడానికి పెడుతున్నాం అని చెప్పడానికి నోరు రాక, నీ బిల్లు తగ్గించడానికి పెడుతున్నాం అని అబద్ధమాడటం దేనికి?

తగ్గిస్తామంటున్న ఆ బిల్లు పెరిగింది మన వాడకం వల్లనా అసలు? 2022-23లో కాల్చిన కరెంటుకు ఇంధన సర్దుబాటు పేరుతో 6,072 కోట్లు 2024 డిసెంబరునుంచి వసూలు మొదలుపెట్టారు. అది ముగియకముందే మరుసటి ఏడాది సర్దుబాటు కింద ఇంకో 9,412 కోట్లు. ఎప్పుడో ఆరిపోయిన బల్బుకు ఇప్పుడు డబ్బు కట్టించారు. నిరుడు అద్దెకు దిగినావిడ, రెండేళ్ల కిందట ఆ ఇంట్లో ఉండి వెళ్లిపోయినవాళ్ల ఫ్యాను గాలికి కట్టింది. ఆవిడ ఏ మీటరు చూసుకుని, ఏ స్విచ్చు ఆపి ఆ డబ్బు ఆదా చేయాలి? కరెంటు ఎంతకు కొన్నారో, ఎందుకు అంతకు కొన్నారో చూపించే మీటరు మీ దగ్గరుంటే అది పెట్టండి, మా గోడకు మేమే మేకు కొట్టుకుంటాం. అది చేయరు. ఇస్త్రీపెట్టె ఎప్పుడు వేసుకోవాలో మాత్రం మాకు పాఠం చెబుతారు.

ఒప్పుకోలు కాగితం పట్టుకుని ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే సంతకం పెట్టేముందు వాళ్లచేత ఒక కాగితం రాయించుకోండి. ఈ మీటరు పెట్టాక అన్నే యూనిట్లకు నిరుటికంటే ఎక్కువ బిల్లు వస్తే ఆ తేడా మేమే కడతాం అని. వాళ్లు సంతకం పెడితే మీరూ పెట్టండి.