ఎనభై నాలుగుగారు

హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటుకి వెళ్లినా ఈయన ఒకరుంటారు. అసలు పేరు వాచ్‌మన్‌కి కూడా గుర్తుండదు. లిఫ్టులో తగిలిన ప్రతివాళ్లకీ తన బరువు చెప్పుకోవడం అలవాటు కనక, ఎనభై నాలుగుగారు అంటే చాలు, ఆయన ఫ్లాటు ఏదో పిల్లలు కూడా చూపిస్తారు.

ఒకప్పుడు ఆయనది 92. అన్నం మానేశారు, పార్కులో నడక మొదలెట్టారు, మొదటి రెండు వారాల్లోనే మూడు కిలోలు జారిపోయాయి. ఆ ఊపులో కొత్త ప్యాంట్లు కుట్టించుకుని పాతవి దానం చేశారు. ఎదురొచ్చినవాళ్ల పొట్టకేసి చూసి "కాస్త చూసుకోండి సార్" అని హెచ్చరించారు. మొదట పోయేదాంట్లో చాలావరకు నీళ్లేనని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒంట్లో గ్లైకోజెన్ అనే నిలవ చక్కెర ఉంటుంది, దాని ప్రతి గ్రామూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గితే రెండూ కలిసి దిగిపోతాయి. కొవ్వుకి అంత తొందర లేదు. బరువు మెల్లిమెల్లిగా 84 దాకా వచ్చి అక్కడ కూర్చుంది.

అప్పట్నుంచి ఆయనకి తెల్లవారేది వెయిట్ మెషిన్ మీదే. వాచీ తీస్తారు, ఉంగరం తీస్తారు, చివరికి కళ్లజోడూ తీస్తారు. కళ్లజోడు లేకపోతే అంకె కనపడదు కనక భార్యని పిలుస్తారు. ఆవిడ వంటింట్లోంచి కదలకుండానే "ఎనభై నాలుగండీ" అంటుంది. నమ్మకం కుదరక మెషిన్‌ని గదిగదికీ తిప్పారు, ఈశాన్యం మూల కూడా పెట్టి చూశారు. వాస్తు కుదిరింది, బరువు కుదరలేదు. రక్తపరీక్ష చేయించుకున్నారు. థైరాయిడ్ నార్మల్ అన్న రిపోర్టు చూసి అంతగా దిగులుపడ్డ మనిషిని ల్యాబువాళ్లు ఎరగరు.

ఇక పథ్యాలు. మంతెన సత్యనారాయణరాజు గారి మాట విని ఉప్పు మానేశారు. వీరమాచనేని రామకృష్ణ గారి మాట విని కొబ్బరినూనె పట్టారు. ఖాదర్ వలీ గారి మాట విని కొర్రలు, అండుకొర్రలు బస్తాలతో దించారు. ఎవరి పద్ధతి వారిది. ఈయన ప్రతిభ మాత్రం మూడింటినీ ఒకే కంచంలో కలపడం. కొర్రన్నం, దాని మీద కొబ్బరినూనె, నంజుకోవడానికి ఆవకాయ. ఉప్పు సంగతేమిటని అడిగితే, "ఊరగాయలో ఎంతుంటుందిలెండి" అంటారు.

ఆయన లెక్కలు చార్టర్డ్ అకౌంటెంట్లకి కూడా అంతుపట్టవు. ప్రసాదానికి కేలరీలుండవు. మనవరాలు సగం కొరికి వదిలేసిన బిస్కెట్ ఆ పిల్ల ఖాతాలోకి వెళ్తుంది. పెళ్లిభోజనం మర్యాద. వేగిందో లేదో చూడ్డానికి నోట్లో వేసుకున్న పకోడీ ఇంటిపనిలో సాయం. నడక అయ్యాక పార్కు గేటు దగ్గర రెండిడ్లీ తిని, వేడిగా ఉంది కదా అని ఒక వడ. టేబుల్ స్పూను నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. అరగంట నడిచి ఆయన ఖర్చుపెట్టేది అంతకి కాస్త అటూ ఇటూ. "పదివేల అడుగులు వేశానండీ" అని ఫోను చూపిస్తారు. ఆ పదివేల అంకె 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. దాంట్లో వడ ప్రస్తావన లేదు.

నిజానికి మెషిన్ తప్పేమీ లేదు. 92 కిలోల ఒంటికి కావలసినంత తిండి 84 కిలోల ఒంటికి అక్కర్లేదు. పైగా తిండి తగ్గిందని తెలియగానే ఒళ్లు పొదుపు మొదలెడుతుంది. మనిషికి తెలియకుండానే కదలిక తగ్గుతుంది. మొదట్లో మెట్లెక్కిన ఆయన ఇప్పుడు రెండో అంతస్తుకీ లిఫ్టెక్కుతారు, పక్కనున్న రిమోటు కోసం మనవరాల్ని కేకేస్తారు. మొదట్లో ఒళ్లు తగ్గించిన భోజనమే ఇప్పుడు ఒంటికి సరిగ్గా సరిపోతోంది. ఆ పైన వడ, పకోడీ. ఇంతటి శాస్త్రాన్నీ ఆయన భార్య ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఏమండీ, బరువు ఆగిపోయిందని గోల చేస్తున్నారు గానీ, చెయ్యి ఆగిందా?"

ఈయన మీకు ఎదురైతే దయచేసి కొత్త డైటు చెప్పకండి, దాన్నీ ఆ కంచంలోనే కలిపేస్తారు. ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి, నోట్లోకి వెళ్లిన ప్రతిదీ ప్రసాదంతో సహా రాయమనండి. పప్పు, గుడ్డు, పెరుగు కాస్త పెంచి, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తమనండి. కంటినిండా నిద్రపొమ్మనండి. ఉప్పూ నీళ్లూ హెచ్చుతగ్గులైతేనే రోజుకీ రోజుకీ మధ్య కిలో తేడా రావచ్చు కనక మెషిన్ వారానికి ఒకసారి ఎక్కితే చాలు. అంతకంటే నడుముకి టేపు చుట్టుకోవడం మేలు. మనవాళ్లలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకుండా ఉండాలి. ఇది చదువుతూ పొట్ట లోపలికి పీల్చుకున్నవారు, ఊపిరి వదిలాకే కొలుచుకోవలసిందిగా మనవి.