నడకకు రసీదు

నడిచినందుకు డబ్బు కట్టి రసీదు తెచ్చుకున్నవాడు మా దేవరాపల్లిలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ సంగతి ఊళ్లో ఎలా పొక్కిందో గానీ, ఇన్ని రోజులైనా టీ కొట్టు దగ్గర పలకరింపు మారడం లేదు. "ఏటి మాస్టారూ, నడిచినందుకు మీకెంతిచ్చారు?" అని ఒకడు. ఇవ్వలేదురా, నేనే కట్టానంటే పక్కవాడు గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతున్నాడు.

ఇదంతా మా మేనకోడలి చలవ. బెంగళూరులో కూర్చుని బుక్ చేసేసింది. "తీరం వెంట ట్రెక్కు మావయ్యా! గైడుంటాడు. రాత్రి ఈకో లాడ్జిలో బస. సామాను వ్యానులో వస్తుంది, మీరు చేతులూపుకుంటూ నడిస్తే చాలు." రుషికొండ దగ్గర మొదలై, భీమిలి మీదుగా, చింతపల్లి దీపస్తంభం దాకా. మా ఆవిడ మొత్తం విని ఒక్కటే అడిగింది: "ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడుస్తాం కదా. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పిలిచి మరీ పెడతారు. దానికెంత కడుతున్నాం?" మేనకోడలు దానికి జవాబు చెప్పకుండా బూట్ల సైజు అడిగింది.

తీరం వెంట నడక అన్నారు గానీ, అందులో చాలా భాగం ప్రహరీ గోడ వెంట నడకే. కుడిపక్క సముద్రం, ఎడమపక్క ఎవరిదో రిసార్టు గోడ. గోడ అయిపోయిందిరా అనుకుంటే రొయ్య పిల్లల హేచరీ, సముద్రంలోకి దాని గొట్టాలు. కాస్త ఇసుక కనబడి నాలుగడుగులు వేసేసరికి ఇంకో బోర్డు. అలాంటి ప్రతిచోటా వ్యాను సిద్ధం. గోస్తని సముద్రంలో కలిసేచోట కూడా వ్యానెక్కించి వంతెన దాటించారు. నడక ప్యాకేజీలో నేను ఎక్కువసేపు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడాను.

గైడు మంచివాడే. కాకపోతే తాటిచెట్టు చూపించి "ఇదేం చెట్టో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగాడు. చోడవరం చుట్టుపక్కల పుట్టినవాణ్ణి ఆ ప్రశ్న అడగొచ్చా? నేను మూతి బిగించుకున్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు కొబ్బరి అన్నారు. గైడు సంతోషించాడు.

తొట్లకొండ మాత్రం బావుంది, ఒప్పుకోవాలి. 1976లో నౌకాదళం వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం. ఎదురుగా సముద్రం, భిక్షువులకు చిన్న చిన్న గదులు, అందరూ కలిసి తినడానికి భోజనశాల, వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు. ఊరూరా తిరిగి వచ్చినవాళ్లకు రాత్రి బస. సామాను వ్యాను ఒక్కటే లేదు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూశాం. వాళ్లు అంత దూరం ఓడలో వచ్చి, దిగాక ఇంక నడవలేదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర, బూట్లకంటిన మట్టి కూడా అక్కడే దులిపి రమ్మన్నాడు గైడు. దులిపాం. ఆ నియమం అక్కడి మట్టి తోలుకుపోయే లారీలవాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు.

ఇక లాడ్జి. పైన తాటాకు, కింద సిమెంటు శ్లాబు. ఏసీ పెట్టెకు వెదురు తడిక కట్టారు, దానికి చలేస్తుందని కాబోలు. స్నానాల గదిలో ఒక చీటీ: నీరు అమూల్యం, పొదుపుగా వాడండి. మా శారదా నదిని రైవాడ దగ్గర ఆపి, ఆ నీళ్లు కాలవలో విశాఖకు పంపిస్తారు. అవి పొలాలకే వదలమని మా రైతులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ కుళాయిలోకి వచ్చేవి మా నీళ్లేనో కాదో నాకు తెలియదు గానీ, చీటీ చదివాక షవరు ఇంకాసేపు తిప్పి ఉంచాను. మా వాటాలో ఏ కాస్తయినా రాబట్టుకుందామని.

ఇంత వరకూ భరించాను. పొద్దున్నే స్వాగత పానీయం అంటూ చిన్న మట్టి ముంతలో చోడి అంబలి తెచ్చిచ్చారు. దాని మీద పుదీనా ఆకు.

ఇక్కడ కాసేపు ఆగాలి. అంబలి అంటే ఏమిటి? రాత్రి చోడి పిండి నీళ్లలో కలిపి పులియబెట్టాలి. తెల్లారి నూకలు ఉడుకుతుండగా అందులో పోసి, ఉండ కట్టకుండా కలపాలి. చల్లారాక మజ్జిగా ఉప్పూ వేసి, చెంబు నిండా తాగాలి. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఉంటే కాల్చిన ఎండుచేప. తాగినవాడు మధ్యాహ్నం దాకా దుక్కి దున్నాలి. నా ముందున్న ముంతలో ఉన్నది రెండు గుక్కలు. రెండు గుక్కల అంబలి తాగినవాడు దేన్ని దున్నుతాడు? పైగా ఆ ఆకు! ముక్కుకి అడ్డం. తీసి ఎక్కడ పెట్టాలో తెలియదు. టేబుల్ మీద పెడితే మర్యాద కాదు, నములుదామంటే ఇష్టం లేదు, జేబులో వేసుకుంటే మా ఆవిడ చూస్తోంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది, నిజమే. విజయనగరం పరిశోధన స్థానం వాళ్లు ఒక చోడి వంగడానికి గోస్తని అని మేము వంతెన మీద దాటిన నది పేరే పెట్టుకున్నారు, అదీ సంతోషమే. చోళ్లకు మర్యాద దక్కితే నాకేం కడుపు మంట లేదు. కానీ చోళ్లలో ఎంత కాల్షియం ఉందో గైడు మా ఆవిడకు చెబుతున్నాడు. ఆవిడ పుట్టిల్లు దేవరాపల్లి పైన కొండ వార. వాళ్ల కళ్లంలో చోళ్లు నూర్చి, తూర్పారబట్టి, ఆ నుసికి ఒళ్లంతా దురదలెక్కిన మనిషి. పాపం శ్రద్ధగా తలూపింది. "అలాగా బాబూ" అంది.

నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. మా అక్కకు పెళ్లిచూపులని కబురొచ్చిన రోజున అమ్మ చేసిన మొదటి పని, అంబలి కుండ తీసుకెళ్లి పశువులశాలలో గడ్డి వెనకాల పెట్టడం. వచ్చేవాళ్లు అన్నం తినేవాళ్లు. మనం పొద్దున అంబలి తాగుతామని తెలిస్తే సంబంధం తేలిపోతుందని భయం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఇంట్లో ఆ కుండే లేకుండా పోయింది. దాచే పని తప్పిందని అమ్మ ఎంత నిశ్చింతపడిందో! ఆ నిశ్చింతలోనే వెళ్లిపోయింది. ఇప్పుడు ఏసీ గదిలో, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద, అదే అంబలి గురించి ఒక కుర్రాడు గొప్పగా చెబుతుంటే వినడానికి ఆవిడ లేదు. ఉన్నా నమ్మేది కాదు. పక్కవాళ్లు చూస్తారు, ముందు ఆ ముంత కింద పెట్టరా అనేది.

సరే. ప్యాకేజీ అయిపోయింది, కాళ్లకు పుళ్లు మిగిలాయి. ఎన్ని నక్షత్రాలిస్తారని ఫోనుకు సందేశాలు వస్తూనే ఉన్నాయి. ఒక్కటి ఇచ్చి, ఎందుకో అయిదు పేజీలు రాద్దామని కూర్చున్నాను. ఈలోగా ఆ ప్యాకేజీ నిర్వాహకుడే ఫోను చేశాడు.

"సార్, మీది దేవరాపల్లి కదా. రైవాడ చుట్టూ ఒక నడక పెడదామనుకుంటున్నాం. మీ ఊళ్లో బసకు అనువైన చోటేమైనా ఉంటే..."

నాలో ఉన్న కోపమంతా కూడగట్టుకున్నాను. రైవాడ గట్టు మీద నడవడానికి డబ్బా? మా నీళ్లు చూడ్డానికి టిక్కెట్టా? అని గొంతు సవరించుకునే లోపల మా ఆవిడ పక్కనుంచి, "మామిడితోటలో పాక ఖాళీగానే ఉంది కదా" అంది. ఊరికే తెలుసుకుందామని రాత్రికెంతిస్తారని అడిగాను. చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పాడు.

తడికలు అల్లే మనిషికి కబురు పెట్టాను. ఏసీ పెట్టె కొలత ముందు పంపమంటున్నాడు.