చివరి తూము

మావయ్య పోయినప్పుడు మిల్లు ముందు షామియానా వేసి సంతాపసభ పెట్టారు. కన్నడంలో కొందరు, తెలుగులో కొందరు, అందరూ ఆయన్ని దానకర్ణుడన్నారు. నన్నూ మాట్లాడమన్నారు కానీ లేవలేకపోయాను. ఆ మాట ఆయన ఒప్పుకునేవాడు కాదని నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పాలంటే నేను చేసిన బుద్ధితక్కువ పని చెప్పాలి.

ఆయన మా అమ్మకి తమ్ముడు. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యాక, ఎడమ కాలువ కింద నల్లరేగడి చవగ్గా దొరుకుతోందని కోస్తా జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఉన్నది అమ్ముకుని రాయచూరు జిల్లాకి వచ్చేశాయి. సింధనూరు చుట్టూ క్యాంపులు కట్టుకుని, జొన్నచేలని మడులు చేసి వరి నాటారు. మా తాతయ్య అలా వచ్చినవాడే. మావయ్య నాటికి పొలంతో పాటు బియ్యం మిల్లు, రైతులకి ఎరువులకీ పురుగుమందులకీ అడ్వాన్సులిచ్చే వ్యాపారమూ తయారయ్యాయి. బీకాం అయ్యాక నేను అక్కడే లెక్కలు రాయడానికి కుదిరాను.

ఆ లెక్కలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా దగ్గర ధాన్యం 75 కిలోల బస్తా లెక్కన కొంటారు. తేమనీ తాలనీ బస్తాకి కొంత తరుగు తీయడం మామూలే. మావయ్య మాత్రం బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి నాలుగు గింజలు తీసి, ఒకటి పంటికింద వేసుకునేవాడు. అది విరిగిన చప్పుడు విని, "ఎండిందిలే, తరుగు రాయకు" అనేవాడు. మాన్వి వైపు, కాలువ చివరి ఊళ్ళ నుంచి వచ్చిన ధాన్యమైతే కొరికి చూడకుండానే ఆ మాట అనేవాడు. వాళ్ళ పాత బాకీలకి వడ్డీ లెక్కగట్టనిచ్చేవాడు కాదు. ఇంట్లో మాత్రం పైసాతో సహా ఖచ్చితం. పోయిన అన్నయ్య కూతుళ్ళిద్దరినీ తన ఇద్దరితో కలిపి పెంచాడు. నలుగురి ఫీజులూ ఒకే పేజీలో రాయించేవాడు. నలుగురికీ కొనలేని వస్తువు ఒకరికి కొనేవాడు కాదు. అలాంటి మనిషి బయటివాళ్ళకి వేలకి వేలు ఎందుకు వదిలేస్తున్నాడు? మెత్తనివాడు కాబట్టి వాడుకుంటున్నారనుకున్నాను. ఆయన ఇల్లు నేను నిలబెట్టాలనుకున్నాను.

2016 కరువేడు. డ్యామ్ నిండలేదు. మావయ్య మనవరాలి బారసాలకి హైదరాబాదు వెళ్ళిన సందు చూసుకుని, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని మాన్వి వైపు ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయనది ఏళ్ళ తరబడి బాకీ. కూర్చోమని, జొన్నరొట్టె, పుండిపల్యె అనే గోంగూర కూర పెట్టించాడు. తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, ఆయన ట్రాక్టర్ ట్రాలీ మా బండికి తగిలించుకుని వచ్చేశాను. ఆయన అడ్డుపడలేదు. "సావుకారుకి తెలుసా?" అని మాత్రం అడిగాడు. తెలుసన్నాను.

ఊరినుంచి వచ్చిన మావయ్య మిల్లు ఆవరణలో ఆ ట్రాలీ చూశాడు. తిట్టలేదు. మర్నాడు తెల్లారకముందే దాన్ని ట్రాక్టర్‌కి కట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడుపుకుంటూ బయల్దేరాడు. ఊరు ఇంకా రాకముందే ఒక పిల్లకాలువ గట్టున ఆపి దిగమన్నాడు. తూము కింద మట్టి నెర్రెలిచ్చి ఉంది. కాలువ నిండా సర్కారు తుమ్మ. కరువు లేని ఏడు కూడా ఇక్కడికి వచ్చేది అంతంతమాత్రమే అన్నాడు.

"ఈ కాలువకి ప్లాను వేసినప్పుడు చాలా భూమికి జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలే రాశారురా. కొంచెం నీళ్ళైనా ఎక్కువ ఊళ్ళకి అందాలని. పైనున్న మనం వరి వేశాం. ఈయన నాకు బాకీ అని రాస్తావు, సరే. మీ తాతయ్య నాటి నుంచి మనం వాడుకున్న ఈయన నీళ్ళు ఎక్కడ రాశావు?"

నేను తలెత్తలేదు. పెద్దాయన వాకిట్లో ట్రాలీ విప్పించి, నన్ను వెనక ఉంచుకుని, "కుర్రాడిది తప్పు లేదు, నేనే పంపాను" అన్నాడు మావయ్య. నేను ఆడిన అబద్ధం ఆయన చెవిన పడిందని అప్పుడు తెలిసింది. దాన్ని తన నెత్తిన వేసుకున్నాడు.

అందుకే దానం అంటే ఒప్పుకోలేను. ఆయన తన లెక్క ప్రకారం తీరుస్తూ వచ్చాడు, అంతే. అయినా వరి మానలేదు. అదీ దాచను. వరి మానితే మిల్లు ఆగుతుంది, మిల్లు ఆగితే నలుగురు పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ ఆగుతాయి. ఇల్లు ఒక చేత్తో, ఆ బాకీ ఒక చేత్తో మోశాడు. రెండూ ఎప్పుడూ సరితూగలేదు.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. పూడికతో 132 టీఎంసీల డ్యామ్ ఎప్పుడో 105 దగ్గరికి దిగింది. ఉన్న ఆ నీళ్ళూ నదిలో పడి పోతుంటే క్యాంపుల్లో ఎవరికీ నిద్రలేదు. మావయ్య అప్పటికి లేడు. పొద్దున్నే ఆ పెద్దాయన ఫోన్ చేసి, "మీ నాట్లకి నీళ్ళుంటాయా?" అని అడిగాడు. తనది పత్తేనట, వాన పడితే చాలునట. వారం తిరిగేసరికి డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు బృందం ఆ గేటు స్థానంలో స్టాప్‌లాగ్‌లు, అంటే తాత్కాలిక అడ్డుపలకలు, దింపింది. తర్వాత వానలకి డ్యామ్ మళ్ళీ నిండింది, మా వరి గట్టెక్కింది.

నిరుడు మెరక మీదున్న చెక్కలో జొన్న వేశాను. మిల్లు నడుస్తోంది కాబట్టి మిగతాదంతా వరే. మాన్వి బస్తాలకి తరుగు తీయడం లేదు.