దెబ్బ తినని ముఖం

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నదన్న సామెతలో మద్దెల ఇచ్చే సమాధానం అందరికీ తెలిసినదే: రోలుకు ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండు వైపులా. పాశ్చాత్య వాద్యబృందాల్లోను, మన పెళ్లి బ్యాండు మేళాల్లోను గరగరమని మోగే స్నేర్ డ్రమ్‌ను మాత్రం ఈ సంవాదంలో ఏ పక్షాన నిలపాలో తేల్చడం కష్టం. దానికి మద్దెలకు వలె రెండు ముఖాలున్నా, రోలుకు వలె దెబ్బలు ఒకవైపే పడతాయి. కర్రలతో కొట్టే పై ముఖాన్ని 'బ్యాటర్' అనీ, కొట్టకుండానే కంపించే కింది ముఖాన్ని 'రెజొనెంట్' అనీ అంటారు. కింది ముఖాన్ని ఆనుకొని, సాధారణంగా ఇరవై వరకు, స్ప్రింగుల్లా మెలితిరిగిన సన్నని లోహపు తీగలు అడ్డంగా సాగి ఉంటాయి. పై ముఖం మీద దెబ్బ పడగానే లోపలి గాలి కదిలి కింది ముఖాన్ని తోయడం, ఆ ముఖం తీగలను ఎగరగొట్టడం, అవి తిరిగి దానికే తగిలి గలగలలాడడం వల్ల ఆ ప్రసిద్ధమైన గరగర పుడుతుంది. దెబ్బ ఒకరికి తగిలితే గోల మరొకరు చేయడం ఈ ఒక్క వాద్యంలోనే కాక అనేక ఉమ్మడి కుటుంబాల్లోను కనిపించే ఏర్పాటే కనుక, ఇందులో ఆశ్చర్యపోవలసినది లేదు.

ముఖానికి బిగించే పొరను డ్రమ్మర్లు 'హెడ్' అంటారు. 1950ల వరకు అది దూడతోలుతో తయారయ్యేది. తోలు తేమను పీల్చితే వదులవుతుంది, ఆరితే బిగుసుకుంటుంది. ఈ కారణంగానే మన డప్పు కళాకారులు డప్పును మంట మీద కాచి బిగువు తెచ్చుకుంటారు, ఈ కారణంగానే అమెరికాలో కొందరు పెద్ద డ్రమ్ము కడుపులో విద్యుద్దీపం వెలిగించి ఉంచేవారు. 1950ల మధ్యలో చిక్ ఎవాన్స్, రెమో బెల్లి వంటివారు తోలుకు బదులు మైలార్ అనే పాలియెస్టర్ పొరను వాడుకలోకి తెచ్చారు. 1957లో స్థాపించిన తన సంస్థ ద్వారా బెల్లి అమ్మిన హెడ్ పేరు 'వెదర్ కింగ్', అనగా వాతావరణానికే రాజు. రాజు గద్దెనెక్కడంతో వానభయం తీరిన మాట నిజమే గాని, డ్రమ్మరుకు ఒక తీరని నష్టం కూడా జరిగింది. ఆడలేనివారు మద్దెల ఓడని చెప్పి తప్పించుకోగలరు. మద్దెల వాయించేవాడికి ఆ వెసులుబాటు లేదు, అతడికి మిగిలిన ఏకైక ఆధారం వాన. అదీ పోయిన తరువాత నేరమంతా హెడ్ మీదనే మోపవలసి వచ్చింది. కొత్త హెడ్‌ల విక్రయానికి ఈ మానసిక అవసరం అందించిన తోడ్పాటు తక్కువది కాదు.

కొనుగోలులో మొదటి గండం కొలత. స్నేర్ డ్రమ్ వ్యాసం సాధారణంగా 14 అంగుళాలు. అయితే ఆ కొలత కొయ్య లేక లోహపు గుండ్రని ఒంటిది గాని, హెడ్‌ను అదిమిపట్టే 'హూప్' అనే బయటి కడియానిది కాదు. టేపును కడియం మీదుగా వేసి కొలిచినవాడు మరింత పెద్ద హెడ్‌ను ఇంటికి తెచ్చుకుని, దానిని గోడకు తగిలించి కళాభిరుచి చాటుకుంటాడు. రెండవ గండం మందం. పై ముఖానికి ఎక్కువగా వాడే ఒంటిపొర హెడ్ మందం 10 మిల్‌లు, అంటే అంగుళంలో నూరోవంతు, సుమారు పావు మిల్లీమీటరు. గట్టిగా బాదేవారికి ఏడేసి మిల్‌ల రెండు పొరలను జోడించినవి కూడా ఉన్నాయి. బ్రష్ అనే తీగల కుంచెతో రాసినప్పుడు సుయ్‌మనే ధ్వని రావాలంటే హెడ్ పైన గరుకైన తెల్లని పూత ఉండాలి. ఈ నాలుగు విషయాలతో తేలిపోవలసిన ఎంపికను కేటలాగులు వెచ్చదనం, పొడితనం, కండ, కాంతి వంటి విశేషణాలతో నింపివేయడం వల్ల, చదివేవాడికి తాను కొంటున్నది వాద్యభాగమో, చలికాలపు చర్మలేపనమో బోధపడదు. (స్కాట్లండ్ పైప్ బ్యాండ్లవారికి ఈ తికమక లేదు, వారి బిగువును సాధారణపు పొర ఓర్చుకోలేదు కనుక, తూటాలను ఆపే చొక్కాలకు వాడే కెవ్లార్ నేతనే వారు డ్రమ్ముకు తొడుగుతారు.)

ఇంత పరిశోధన జరిగేది పై ముఖం కోసమే. దానిమీద పూత అరిగి, కర్రల ముద్రలు పడి, గుంటలు తేలి, మార్చవలసిన అవసరం కంటికి కనిపిస్తుంది; అసలు గరగరను పుట్టించే కింది హెడ్ మాత్రం దెబ్బ తినదు కనుక చెడదన్న నమ్మకంతో, డ్రమ్ము కొన్ననాటి నుంచి ఏళ్లు గడిచినా అక్కడే ఉండిపోతుంది. నిజానికి దాని మందం తరచుగా 3 మిల్‌లే, అనగా తలవెంట్రుక మందానికి దగ్గర. తీగల రాపిడికి, ఎడతెగని బిగువుకు అది లోలోపలే సాగి సత్తువ కోల్పోతుంది. దాని స్థానంలో పొరపాటున పైకి వాడే దళసరి హెడ్ బిగించినవాడికి తీగలు పలకవు. పలుచని హెడ్‌ను పైకి బిగించినవాడికి సమాధానం మరింత త్వరగా, మొదటి దెబ్బకే, కర్ర లోపలికి దిగిన రూపంలో లభిస్తుంది.

బిగింపు విషయానికి వస్తే, తీగలను దించే చిన్న మీటను కిందికి వాల్చి, తీగలను విప్పి పక్కన పెట్టి, చతురస్రపు నోరున్న 'డ్రమ్ కీ'తో హూప్ చుట్టూ ఉండే మరలను వదులు చేయాలి. ఇవి చౌక డ్రమ్ములకు తరచుగా ఎనిమిది, మేలురకానికి పది. హెడ్ ఆనే అంచును గుడ్డతో తుడిచి, కొత్త హెడ్‌ను పరచి, మరలను ముందు వేళ్లతో, ఆ తరువాత కీతో, కారు చక్రానికి వలె ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పాలి. వరుసగా ఒక్కొక్కదాన్నే పూర్తిగా బిగించుకుంటూ వెళ్లేవాడి హెడ్ ఒకవైపుకు లాక్కుపోయి, నులకమంచం వలె ఒక మూల బిగువుగా, మరో మూల జారుగా తయారవుతుంది. పిమ్మట ప్రతి మర దగ్గర, అంచుకు ఒక అంగుళం లోపల, కర్రతో మెల్లగా తట్టి అన్నిచోట్లా ఒకే స్థాయి పలికేవరకు సవరించాలి. టక్, టక్, టక్ అనే ఈ దశ ముప్పావు గంట వరకు సాగగలదు. అసలు వాదనాన్ని సహించిన పొరుగువారు కూడా దీనికి తలుపు తడతారు.

శ్రుతి కుదిరిన హెడ్ సహజంగానే ఖంగుమని కొంతసేపు మోగుతుంది. ఆ మోతను అంతసేపు శ్రమించి సాధించినవాడే, వెంటనే దానిపై టేపు ముక్క అంటించి, జేబులోని పర్సు పెట్టి దాని నోరు నొక్కడం ఈ రంగంలో పరిపాటి. ఇందుకు పెద్దల సమ్మతి కూడా ఉంది. బీటిల్స్ బృందపు రింగో స్టార్ 1969 నాటి రికార్డింగుల్లో డ్రమ్ముల మీద వంటింటి తుడుపుగుడ్డలు కప్పి వాయించాడు.

అన్నీ ముగిశాక పడే మొదటి దెబ్బకు గరగర రాకుండా, ఖాళీ డబ్బా మీద కొట్టినట్లు బోలుగా మోగడం చాలా తరచుగా జరిగే పరిణామం. అప్పుడు డ్రమ్మరు మొదట దుకాణదారుడిని, తరువాత తయారీ సంస్థను, ఆపైన వానాకాలాన్ని శంకించి, డ్రమ్మును తిరగేసి, కింది హెడ్ మరలు మళ్లీ విప్పడం ప్రారంభిస్తాడు. తాను మొదట కిందికి వాల్చిన మీట ఇంకా వాలే ఉన్నదన్న సంగతి సాధారణంగా నాలుగో మర దగ్గర అతడి కంటపడుతుంది.