మూత మీది అక్షరాలు

నర్సీపట్నంలో ఒక షావుకారు తన కొడుక్కి దసరాకు కొత్త మోటారు సైకిలు కొనిచ్చాడు. ముందు డిస్క్ బ్రేకు, ఏబీఎస్ ఉన్న బండి. దీపావళి దాటకుండానే కుర్రాడు దానికి ఎర్ర రంగు లీవర్లు పెట్టించాడు. కంపెనీ ఇచ్చిన బ్రేకు గొట్టం తీయించి, పైన స్టీలు అల్లిక ఉన్న గొట్టం వేయించాడు. గొట్టం మారిస్తే బ్రేకు ఆయిలు మళ్లీ నింపాలి. పని చేసిన స్పేర్ల కొట్టతనే అరలోంచి ఒక డబ్బా తీసి నింపాడు. కంపెనీ డబ్బా ధరలో సగమే తీసుకున్నాడు.

డిసెంబరులో కుర్రాడు స్నేహితులతో కలిసి లంబసింగి వెళ్లాడు. తెల్లవారుజామున మంచు చూసి, ఎండెక్కాక తిరుగు దారి పట్టారు. ఘాట్ రోడ్డు దిగుతుంటే బండి బరువెక్కింది. పల్లంలో కూడా యాక్సిలరేటరు ఇస్తే గానీ కదలడం లేదు. బ్రేకు లీవరు రాయిలా బిగుసుకుంది. ముందు చక్రం నుంచి కాలిన వాసన వచ్చింది. ఒక మలుపులో చక్రం దానంతటదే పట్టేసింది. కుర్రాడు బండితో సహా రోడ్డు మీద పడ్డాడు. వెనక వస్తున్న బస్సు డ్రైవరు సకాలంలో ఆపాడు. మోచేతులు చెక్కుకుపోయాయి, అంతకుమించి ఏమీ కాలేదు.

బండిని ట్రాలీ ఆటోలో ఊరికి తెచ్చారు. కంపెనీ సర్వీసు వాళ్లు స్టీలు గొట్టం చూశారు. బయట పని చేయించారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. షావుకారు గొడవపడి లాభం లేక, బండిని తన కొట్టు వెనక సందులో ఉన్న ముసలి మేస్త్రి షెడ్డుకు తోయించాడు.

అది చాలా ఇరుకు సందు. గురువారం రాత్రి కొట్టుకు సరుకు ఆటో వస్తే, మేస్త్రి తన ముందున్న బళ్లను పక్కకు జరిపి దారి ఇస్తుంటాడు. ఇద్దరిదీ చాలాకాలపు ఇరుగుపొరుగు.

మేస్త్రి ముందు చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. చిన్న స్పానరుతో కాలిపర్ మీది నిపిల్ కాస్త వదులు చేశాడు. ఆయిలు చివ్వున చిమ్మింది. మళ్లీ తిప్పితే చక్రం తేలిగ్గా తిరిగింది.

"బ్రేకు వదిలినా లోపల ఒత్తిడి వదల్లేదు బాబూ" అన్నాడు కుర్రాడితో. "వెనక్కి పోయే దారి మూసుకుపోయింది."

హ్యాండిల్ మీది ఆయిలు డబ్బీ మూత విప్పబోతూ ఆగాడు. "దీని మీద ఏటి రాసుందో చదువు."

మూత మీదే పోతపోసిన ఇంగ్లీషు అక్షరాలు. కుర్రాడు చదివి తెలుగులో చెప్పాడు. డాట్ 4 ఆయిలు మాత్రమే వాడాలి, అదీ సీలు తీయని డబ్బాలోంచే పోయాలి.

"మరి సీలు నీ ముందే తీశాడా?"

కుర్రాడు గుర్తు తెచ్చుకున్నాడు. డబ్బా అప్పటికే సగం ఖాళీగా ఉంది.

మేస్త్రి మూత ఎత్తాడు. దాని కింద పల్చటి నల్ల రబ్బరు ఉంటుంది. గాలిలో తేమ ఆయిలులోకి దిగకుండా అడ్డుపడేది అదే. ఆ రబ్బరు ముడతలు పడి, అంచులు అలల్లా లేచి ఉంది. బయటికి తీసి మళ్లీ దాని చోట పెట్టబోయాడు. పట్టలేదు. ఒక పక్క నొక్కితే రెండో పక్క పైకి లేచింది. బీరువాలోంచి కొత్త రబ్బరు పొట్లం చించి, రెండూ పక్కపక్కన చెక్క బల్ల మీద పెట్టాడు. ఒకే బండికి చెందిన ఒకే రబ్బరు. పాతది కొత్తదాని కంటే అన్ని వైపులా పెద్దదై ఉంది. గిల్లితే మెత్తగా, జిగటగా వేలికి అంటింది.

అప్పుడే షావుకారు గల్లా పెట్టె దగ్గర గుమస్తాను కూర్చోబెట్టి వచ్చాడు. ఉదయం పూట ఆయన కొట్టు వదిలి రావడం కష్టం. కొట్టు ముందు మోటారుతో నడిచే కర్ర గానుగ పొద్దున్నే కాసేపు తిరుగుతుంది. 'మీ కళ్లెదుటే ఆడించిన వేరుశెనగ నూనె' అని పైన బోర్డు. మిగతా చోట్ల కంటే ధర ఎక్కువే. అయినా పసిపిల్లలున్న ఇళ్లవాళ్లూ, గుండెజబ్బు చేసి లేచినవాళ్లూ వెతుక్కుంటూ వచ్చి పట్టుకెళ్తారు.

"ఏమైంది మేస్త్రీ?"

మేస్త్రి రెండు టీ గ్లాసుల్లో నీళ్లు పోశాడు. సీలు తీసిన కొత్త డాట్ 4 డబ్బాలోంచి నాలుగు చుక్కలు ఒక గ్లాసులో వేశాడు. కలిపితే నీళ్లలో కలిసిపోయాయి. బండి డబ్బీలోంచి సిరంజితో తీసినవి రెండో గ్లాసులో వేశాడు. ఎంత కలిపినా కొంత పైకి తేలింది. రంగురంగుల పొర కట్టి గ్లాసు అంచుకు చేరింది.

"పైన తేలిందే మామూలు నూనె షావుకారుగారూ. రంగేసి బ్రేకు ఆయిలు పేరుతో అమ్మేశాడు."

"ఆ మాత్రం నూనెకు ఇంత జరుగుతుందా?"

జరుగుతుంది. బ్రేకులో ఉండే రబ్బర్లు డాట్ 4లో ఏళ్ల తరబడి నానినా చెక్కుచెదరవు. ఇంజను ఆయిలు లాంటివి తగిలితే మాత్రం ఉబ్బుతాయి. హ్యాండిల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌లో సూదిమొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. బ్రేకు వదలగానే ఆయిలు దాని గుండానే వెనక్కి డబ్బీలోకి పోవాలి. ఉబ్బిన రబ్బరు ఆ రంధ్రం మీద కూర్చుంటుంది. ఆయిలు లోపలే చిక్కుకుంటుంది. బ్రేకు రాసుకుని వేడెక్కుతుంది, వేడికి ఆయిలు ఇంకా వ్యాకోచిస్తుంది, బ్రేకు ఇంకా బిగుస్తుంది. అన్నిటికంటే భయపెట్టే సంగతి, ఇది ఇంటి దగ్గర తెలియదు. సంత దాకా పోయి వచ్చేటప్పుడు తెలియదు. ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

"కడిగేసి మంచి ఆయిలు పోస్తే?"

"కుదరదండి. రబ్బరులో దిగింది కడిగితే పోదు. మాస్టర్ సిలిండరు, కాలిపర్ సీళ్లు, గొట్టాలు అన్నీ మార్చాలి. ఏబీఎస్ డబ్బా లోపలికీ పోయుంటాది. అది విప్పి బాగుచేసేది కాదు, కొత్తదే వెయ్యాలి."

ధర విన్నాక షావుకారు ముఖం ఎర్రబడింది. ఉబ్బిన రబ్బరు కాగితంలో చుట్టుకుని స్పేర్ల కొట్టుకు వెళ్లాడు. గంట తర్వాత తిరిగొచ్చాడు. గొంతు వణుకుతోంది.

"ఏమన్నాడో తెలుసా? ఊళ్లో ఇన్ని బళ్లకు పోశాను, ఒక్కడూ వచ్చి అడగలేదు అన్నాడు. జనం సగం ధరకు అడుగుతున్నారు, అసలు సరుకు సగం ధరకు ఎక్కడ నుంచి తేను అన్నాడు. నా కొడుకు బస్సు కింద పడాల్సినవాడు మేస్త్రీ. నాలుగు రూపాయల కక్కుర్తికి!"

మేస్త్రి ఏమీ అనలేదు. కుర్రాడికి స్టూలు జరిపాడు.

షావుకారు ఊరుకునే మనిషి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, సరుకులో లోపం వల్ల నష్టం జరిగితే అమ్మినవాణ్ని కూడా జవాబు అడగొచ్చని తెలుసుకున్నాడు. సాయంత్రానికి తెల్ల కాగితం తెచ్చి షెడ్డులోనే కూర్చుని ఫిర్యాదు రాశాడు. మంచి దస్తూరీ. రాసిందంతా పైకి చదివి వినిపించాడు.

"పైన రాసిన పేరు ఒకటి, లోపల ఉన్న సరుకు ఇంకొకటి. నమ్మి కొన్నవాడి ప్రాణంతో వ్యాపారం చేసినవాడు ఏ శిక్షకైనా అర్హుడు. బాగుంది కదూ? సాక్షిగా నువ్వు సంతకం పెట్టు."

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. సంతకం నేర్చుకున్నవాడే. కాగితం బల్ల మీద పరిచి, ఒక్కో అక్షరం దిద్ది పేరు రాశాడు. చెప్పినచోట తేదీ కూడా వేశాడు. కాగితాన్ని రెండు చేతులతో షావుకారుకు అందించాడు.

"దీనికి ఇంకో కాపీ తీయించండి షావుకారుగారూ."

"ఎందుకు?"

"మీ ముందు బోర్డు మీద ఏటి రాసుందో నాకు తెలుసు. గురువారం గురువారం వెనక దిగే డబ్బాల మీద రాసుండే పామాయిలూ చదవగలను."

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు తండ్రి ముఖం వైపు చూశాడు. షావుకారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, వెనక తలుపు గుండా కొట్టులోకి వెళ్లిపోయాడు.

ఫిర్యాదు ఏ కార్యాలయానికీ అందలేదు. సగం ధర బ్రేకు ఆయిలు ఆ ఊళ్లో ఇప్పటికీ అమ్ముతున్నారు.